గోడకు బొక్క, గల్లీలో దావత్

నేను పాసయ్యాను! బీఎస్సీ, ఫస్ట్ క్లాస్! మా రెండు వైపుల చుట్టాల్లోనూ డిగ్రీ పట్టా అందుకున్న మొదటి చెయ్యి నాదే! (చూశారా, ఇన్నేళ్ల తర్వాత చెబుతున్నా గొంతు పెద్దదవుతోంది.) ఆ రోజుల్లో డిగ్రీ పాసవడం కంటే పరీక్ష రాయడమే గొప్ప. తెలంగాణ ఉద్యమం ఊపు మీద ఉంది; చదివింది మరిచిపోయేలోగా పరీక్ష జరిగితే అదృష్టం. అందుకే ఫలితం రాగానే మా అమ్మ ఎల్బీనగర్‌లోని మా గల్లీ అంతా వినేలా చాటింది: "ఐతారం దావత్! నా బిడ్డ దావత్‌ల ఒక్కరు గూడ ఆకలితోని పోవద్దు."

ఆ ఆదివారం పొద్దున్నే వంటింటి సింకు మొండికేసింది. నేల కింద పైపు ఎక్కడో పూడుకుపోయి, బియ్యం కడిగిన నీళ్లు మళ్లీ పైకే వచ్చాయి. ఆ రోజూ బంద్, ప్లంబర్ రాడు. తాపీమేస్త్రీ అయిన నాన్నేమో చుట్టాలను వెంటబెట్టుకు రావడానికి కర్మన్‌ఘాట్‌కు నడిచి వెళ్లాడు. ఇంట్లో మిగిలిన ఇంజనీరును నేనే (బీఎస్సీలో ఫిజిక్స్ ఉంది కదా).

"అమ్మా, పైపును బయటి గోడలకెళ్లి తిప్పితే నీళ్లు సీదా మోరీల పడ్తయి."

"నీకొస్తదా?"

"ఫస్ట్ క్లాస్ అమ్మా!"

నాన్న సుత్తీ ఉలీ తీసుకుని లోపలి నుంచి మొదలుపెట్టాను. లోపల పిడికిలంత బొక్క పడింది. బయటికెళ్లి చూస్తే మూడు ఇటుకలు ఊడి, మేకపిల్ల దూరేంత కిటికీ అయింది. అయినా తగ్గలేదు. పైపు దూర్చి, సింకులో రెండు బకెట్లు కుమ్మరించాను. నీళ్లు పల్లానికే పారతాయన్నది పుస్తకంలో ఎంత నిజమో మా వంటింట్లోనూ అంతే నిజం. కాకపోతే పల్లాన్ని నేను లోపలి వైపుకు పెట్టాను. అతుకు ఊడి, పొయ్యితో సహా వంటిల్లు చెరువైంది.

"ఫస్ట్ క్లాసే!" అంది అమ్మ, కుచ్చిళ్లు ఎగదోపుకుంటూ. ఊడిన ఇటుకలతోనే గల్లీలో పొయ్యి పెట్టి బగారన్నం ఎక్కించింది.

అన్నం దించేసరికి జెండాలతో ఓ గుంపు వచ్చింది. "అమ్మా, వంటావార్పు ఈడనా? మేం చౌరస్తల అనుకున్నం!" రోడ్డు మీద వండుకు తినడమూ నిరసనే అయిన కాలం. అమ్మ నోరు తెరిచేలోపే బంతి కూర్చున్నారు. ఆకలితో పోవద్దని తనే అంది కదా, గరిటె ఎత్తింది. చుట్టాలు ఇంకా రానేలేదు, గుండిగ అడుగు కనిపిస్తోంది. నాకు ఏడుపొచ్చింది.

అప్పుడే ఎదురింటి గుంటూరు ఆంటీ గోంగూర జాడీతో దిగింది. "ఏవండీ వదినగారూ, ఒక్క మాట చెప్పకూడదా? మా సింకు బానే ఉందిగా! మా ఇంట్లో ఇంకో గుండిగ ఎక్కించేశా."

ముందు కూర్చున్న నాయకుడు పచ్చడి నాకి, "గిదెవరు చేసిండ్రు?" అన్నాడు.

"నేనేనండీ. మాది గుంటూరు."

బంతి బంతంతా ముద్ద ఆపింది. ఆయన విస్తరి ముందుకు జరిపాడు. "జర ఇంకింత ఎయ్యి అక్కా. రాష్ట్రం సంగతి తిన్నంక మాట్లాడుదాం."

నాన్న చుట్టాలతో వచ్చి, అందరూ తిన్నాక, గోడలోంచి తొంగి చూశాడు. "బిడ్డా, నువ్ పాసైనవ్. గోడ ఫెయిలైంది." సన్నని గొట్టంలో నీళ్లు పోసి మట్టం చూసి, బడి గడప తొక్కని ఆ మనిషి గంటలో పల్లాన్ని బయటికి తిప్పాడు. గొట్టం రెండో కొస పట్టుకుని, బొక్క పూడ్చడానికి సిమెంటు కలిపి అందించింది నేను.

అందరికంటే చివర, ఆంటీ గుమ్మంలో కూర్చుని తింటూ అమ్మ అంది: "బంద్ అని రానోళ్లు ఆకలితోని ఉన్నట్టే గద. ఫోన్ చెయ్యి బిడ్డా, వచ్చే ఐతారం మళ్ల దావత్."

సిమెంటు చేతుల్తో ఫోను పట్టుకుని మెట్ల మీద కూర్చున్న ఆ పిల్లను తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. అంత పెద్ద వార్త నా దగ్గర మళ్లీ ఎప్పుడూ లేదు. ఇంకా చెప్పాల్సినవాళ్లు: నల్గొండ మేనత్త, అల్మాస్‌గూడ చిన్నమ్మ, నన్ను బడిలో చేర్చిన మామ, "ఆడపిల్లకు డిగ్రీ ఎందుకు" అన్న పెద్దనాన్న (ఈయనకు రెండుసార్లు).