మలుపుకి లైటు, సైడుకి చెయ్యి

మావయ్య పోయాడని అత్తయ్య ఫోన్ చేసినప్పుడు నేను బడిలో నాలుగో తరగతి పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తున్నాను. "మీ మావయ్య ఇంక లేడే" అని ఒక్క ముక్క అని పెట్టేసింది. పిల్లలు పదమూడో ఎక్కం మధ్యలో ఉన్నారు. ఆపమని చెప్పాలని కూడా నాకు తోచలేదు. వాళ్లు చివరిదాకా చెప్పి, నేనేమీ అనకపోయేసరికి మళ్లీ మొదటినుంచి ఎత్తుకున్నారు. కిడ్నీలు పాడై ఏడాదిగా కాకినాడ ఆసుపత్రి చుట్టూ తిరుగుతున్న మనిషి. ఎక్కువ రోజులు ఉండడని ఇంటిల్లిపాదికీ తెలుసు. తెలిసినంత మాత్రాన బాధేమీ తగ్గలేదు.

మీలో ఎవరైనా చవగ్గా వస్తుందని యానాం దాకా వచ్చి బండిలో పెట్రోలు పోయించుకుని ఉంటే, మా మావయ్యను చూసే ఉంటారు. బంకు పక్కన రేకుల బడ్డీలో మోటారు సైకిళ్లకు కరెంటు పని చేసేవాడు. వైరు తోలు పళ్లతోనే ఒలిచేవాడు. ముప్పై ఏళ్లు అలా ఒలిచి ఒలిచి ముందుపన్ను ఒకటి అరిగి, అక్కడ చిన్న గాడి పడింది. పెట్రోలు వరసలో నిలబడ్డవాళ్లను ఊరికే పోనిచ్చేవాడు కాదు. "ఏవండీ, తమరి ఎడం లైటు కాలం చేసి ఎన్నాళ్లయిందండి? కర్మ చేశారా?" అని అరిచేవాడు. కొందరు నవ్వేవారు, కొందరు నీకెందుకయ్యా అనేవారు. ఎవరేమన్నా స్క్రూడ్రైవరు పట్టుకుని వెళ్లి బండి పక్కన కూర్చునేవాడు.

గోదావరి మీద ఎదుర్లంక వంతెన కట్టాక మా రోడ్డు మారిపోయింది. లారీలు, రొయ్యల వ్యాన్లు ఒకదాని వెంట ఒకటి వచ్చేవి. వాటి మధ్యలో చేపలమ్మేవాళ్లు మోటారు సైకిళ్ల మీద పెద్ద పెద్ద ఐసు పెట్టెలు కట్టుకుని తిరిగేవారు. ఆ పెట్టె వెనక ఉన్న ఇండికేటర్లను పూర్తిగా కప్పేసేది. బండి ఎటు తిరుగుతుందో వెనకవాడికి తెలిసే దారి లేదు. మావయ్యకు ఇది మనసులో ముల్లులా ఉండేది. చివరికి ఒక ఇనప పట్టీని వంచి, పెట్టెకు రెండు పక్కలా బయటికి వచ్చేలా బిగించి, ఇండికేటర్లను దాని కొసలకు మార్చాడు. బల్బు వెనక మెరుపు కోసం స్టీలు గ్లాసు అడుగు కోసి పెట్టాడు. మొదట్లో మరీ పెద్ద బల్బు వేస్తే ఆ వేడికి పసుపు అద్దం కరిగి జారిపోయింది. సరైన బల్బు దొరికేలోపు అత్తయ్య వంటింట్లో గ్లాసులన్నీ అయిపోయాయి. "ఇంటికొచ్చినోళ్లకి మంచినీళ్లు చెంబుతోనే ఇత్తన్నాను, రోడ్డు మాత్రం దేదీప్యమానంగా ఉంది" అని అత్తయ్య దెప్పేది.

బాగయిందో లేదో చూడడానికి ఆయన పద్ధతి ఆయనది. మిట్టమధ్యాహ్నం ఎండలో బండిని రోడ్డు వారన నిలబెట్టి, తను నడుచుకుంటూ బాగా దూరం వెళ్లిపోయేవాడు. అక్కణ్నుంచి వెనక్కి తిరిగి, కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసేవాడు. "చీకట్లో మిణుగురు పురుగు కూడా కనబడుద్ది. ఎండలో కనబడితేనే లైటు" అనేవాడు. నాకు ఉద్యోగం వచ్చి బండి కొనుక్కున్నప్పుడు, గంటసేపు నన్ను ఎండలో నిలబెట్టి మీటలు నొక్కించాడు. తల మాడిపోతోందని నేను విసుక్కుంటే, "మాడితే కొబ్బరినూని రాసుకో కోడలు పిల్లా. తలంటూ ఉండాలి కదా రాసుకోడానికి" అన్నాడు. నాకు కోపమొచ్చి రెండు రోజులు మాట్లాడలేదు. ఇప్పుడు ఆ రెండు రోజులు తిరిగి ఇస్తే బావుండుననిపిస్తోంది.

ఫరంపేటలో చేపలమ్ముకునే ఒకతను ఉండేవాడు. ముప్పై ఏళ్లుంటాయేమో. మావయ్య చేసిన పట్టీ లైట్లలో అన్నిటికంటే బాగా కుదిరినవి అతని బండివే. మావయ్యకు అవంటే ఎంత మురిపెమో, అతను బంకుకు వచ్చినప్పుడల్లా ఒకసారి వెలిగించమని అడిగి చూసుకునేవాడు. బిగించిన మూడు నెలలకు, ఒక రోజు పొద్దున్నే, ఆ చేపలతను పెట్టె నిండా సరుకుతో కనకాలపేట వైపు కుడిచేతికి తిరగబోయాడు. లైటు వేసే తిరిగాడు. వెనక నుంచి వచ్చిన రొయ్యల వ్యాను అతన్ని కుడి పక్కనుంచి దాటబోతూ గుద్దేసింది. ఆసుపత్రికి తీసుకెళ్లేలోపే ప్రాణం పోయింది.

కబురు తెలిసి మావయ్య నేరుగా పోలీసు స్టేషనుకు వెళ్లాడు. నేనూ వెంట ఉన్నాను. జనం కొట్టిన దెబ్బలతో డ్రైవరు బల్ల మీద కూర్చుని ఉన్నాడు. "లైటు కనబడలేదేంట్రా నీకు?" అని మావయ్య వాడి చొక్కా పట్టుకున్నాడు.

"కనబడిందండి. అంత దూరం నించే పక్కాగా కనబడిందండి" అని వాడు ఏడ్చాడు. "సైడిచ్చాడనుకున్నానండి. అందుకే తోలేశానండి."

ఇది తెలియనివాళ్లకు చెప్పాలి. మా రోడ్ల మీద కుడి లైటుకు రెండు అర్థాలున్నాయి. నేను కుడికి తిరుగుతున్నాననేది ఒకటి. నీకు సైడిస్తున్నాను, నన్ను దాటుకుని పో అనేది రెండోది. ఏదో ఒకటి వెనకవాడు ఊహించుకోవాలి. ఎవరు మొదలుపెట్టారో తెలియదు గానీ లారీవాళ్ల దగ్గర్నుంచి మోపెడ్లవాళ్ల దాకా అందరికీ అదే అలవాటు.

మావయ్య చెయ్యి చొక్కా మీంచి జారిపోయింది. ఇంటికి వచ్చేశాం. గుమ్మం దగ్గర ఆగి, "కనబడకపోతే ఆడు హారన్ కొట్టేవోడే. బ్రేకు మీద కాలుండేది. కనబడేలా చేసి చంపేశాను" అన్నాడు. అదేం మాట మావయ్యా అన్నాను. వినిపించుకోలేదు.

పని మానేస్తాడనుకున్నాం. మానలేదు. కానీ ఆ తర్వాత లైటు బాగుచేసిన ప్రతి బండి తాళం చెవీ తన జేబులోనే పెట్టుకునేవాడు. "మలుపుకి లైటు, సైడుకి చెయ్యి. ఏదీ, అనండి" అనేవాడు. అది అంటేనే తాళం ఇచ్చేవాడు. ప్యాంట్లు ఇస్త్రీ చేసుకుని వచ్చిన ఆఫీసరుగారైనా సరే, బడిపిల్లాడిలా అప్పజెప్పాల్సిందే. జనం వెనక నవ్వుకున్నారు. కొందరు ఆ బడ్డీకి రావడం మానేశారు. మునుపటి పరాచికాలు పోయాయి. కర్మ చేశారా అనే మాట మళ్లీ ఆయన నోట నేను వినలేదు.

చేపలతని భార్యను చూడడానికి మావయ్య ఒకసారి ఫరంపేట వెళ్లాడు. ఆమె గుమ్మంలోంచి చూసి లోపలికి వెళ్లి తలుపేసుకుంది. కాసేపు నిలబడి వచ్చేశాడు. తర్వాత ఆమే తట్ట పట్టుకుని బజారులో చేపలమ్మడం మొదలుపెట్టింది. ఎప్పుడైనా మావయ్య అటు వెళ్తే తల పక్కకు తిప్పుకునేది. ఆ రోజుల నుంచి మావయ్య చేపలు ముట్టలేదు. పులస వండినా చారుతోనే తిని లేచేవాడు. ఆమె వచ్చి తిట్టినా సరే, లైట్ల తప్పు కాదని అన్నా సరే, ఆ నోట ఏదో ఒక మాట వినాలని ఆయన ఆశ. ఆరేళ్లు ఎదురుచూశాడు. చివరి వారం మంచం మీద, మగతలో కూడా, "ఆ అమ్మాయేవన్నా వచ్చిందా?" అని నన్ను రెండుసార్లు అడిగాడు. వస్తుందిలే మావయ్యా అన్నాను. అబద్ధమని ఇద్దరికీ తెలుసు.

మావయ్య పోయిన మూడో రోజు మధ్యాహ్నం ఆమె వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు. అరుగు దగ్గర నిలబడి నన్నే పిలిచింది. పమిట కొంగు వేలికి చుట్టుకుంది, విప్పింది, మళ్లీ చుట్టుకుంది. తర్వాత గబగబా చెప్పేసింది.

"మా ఆయన రోజూ ఆ రొయ్యల బండోళ్లకి కుడి లైటేసే సైడిచ్చేవోడండి. బరువు మీద చెయ్యి తీత్తే బండి తొణుకుద్దని. అప్పుడప్పుడూ ఎనకాల పెట్టెకీ ఆయనకీ మజ్జిన ఇరుక్కుని కూచునేదాన్ని, నాకు తెల్దాండి? వొద్దయ్యా, ఏదో రోజు తిరగాల్సొత్తే ఏం జేత్తావని చెప్పానండి. ఇన్లేదు. ఆ డ్రైవరు కూడా రోజూ ఈయన సైడిత్తే పోయేవోడేనండి. ఆ రోజూ అలాగే అనుకున్నాడు."

"ఈ సంగతి మావయ్యకెందుకు చెప్పలేదు?" అని అడిగాను.

"సచ్చిపోయినోడి మీద తప్పెలా ఏత్తానండి? పిల్లలు పెద్దయ్యాక మా నాన్నదే తప్పంటగా అంటారు. మీ మావయ్యగారు ఎలాగా తనదే అంటన్నారు కదా, పోన్లే అనుకున్నానండి. ఆయన ఎదర పడితే నోరు జారుద్దని మొకం తిప్పేసేదాన్ని. ఇంక ఆరికి మొకం చూపించక్కర్లేదు కదాని వచ్చానండి."

ఆమెను నేను ఓదార్చలేదు. నిజం చెప్పాలంటే, చెంప పగలగొట్టాలన్నంత కోపం వచ్చింది. వారం ముందు వచ్చి ఈ నాలుగు ముక్కలూ ఆ మంచం పక్కన చెప్పి ఉంటే ఆయన మనసు తేలికపడి పోయేవాడు. అదే అనబోయాను. ఆమె కళ్లు అప్పటికే నేల మీద ఉన్నాయి. నేను అనేదంతా ఆమె తనకు తాను ఎన్నిసార్లు అనుకుని ఉంటుందో ఆ నిలబడడంలోనే తెలిసింది. "వెళ్లి రా" అని మాత్రం అన్నాను. అది కూడా మంచిగా అనలేదు.

ఆమె వీధి చివరిదాకా నడిచి మెయిన్ రోడ్డు అంచున ఆగింది. నేను అరుగు మీంచి చూస్తూనే ఉన్నాను. ఎండకు తారు మెరుస్తోంది. కుడివైపు చూసింది, ఎడమవైపు చూసింది, మళ్లీ కుడివైపు చూసింది. వంతెన వైపు నుంచీ ఊరి వైపు నుంచీ ఒక్క బండి కూడా రావడం లేదు. అయినా ఆమె రోడ్డు దాటలేదు, ఖాళీ రోడ్డును కూడా నమ్మనట్టు అక్కడే నిలబడి ఉంది.