సమ్మె దాటని తాత హాజరీ

1969 ఎండాకాలంల నన్ను చేవెళ్ల నుంచి మొయినాబాద్ దాకా రోడ్డు బందోబస్తుకు వేసిండ్రు. అప్పుడు నేను కానిస్టేబుల్‌ను. చదివింది తక్కువ, విన్నది మాత్రం మరువను. తెలంగాణ కావాలని పిల్లలు బళ్లు, కాలేజీలు బంద్ పెట్టి రోడ్ల మీద కూసున్న రోజులవి. పట్నంల కాల్పులు అయినయి, పానాలు పోయినయి. మా రోడ్డు మీద మాత్రం ఒక పద్ధతి పడ్డది. పొద్దుగాల పిల్లలు అడ్డం కూసుంటరు, మధ్యాహ్నం మా వ్యాన్ వస్తది, ఎక్కిస్తం, ఠాణా వరండాల కూసోబెట్టి పేర్లు రాసుకుంటం, పొద్దుగూకినంక ఇడిచిపెడతం. వ్యాన్ ఆలస్యమైతే పిల్లలే, "ఏందన్నా, ఇయ్యాల మమ్మల్ని మర్చిపోయిండ్రా?" అని అడిగేటోళ్లు.

నాకు ఇంకో డ్యూటీ ఉండె. మొయినాబాద్ పక్క హిమాయత్‌నగర్ అనే ఊర్ల స్పెయిన్ దేశపు ముసలాయన ఒకాయన ఉండేటోడు. అక్కడి అంతర్యుద్ధంల ఓడిపోయిన దిక్కు మనిషి. రాజు వద్దు, సర్కారు వద్దు, మనిషి మీద మనిషి పెత్తనం వద్దు అనే అరాచకవాది. తిరిగి పోతే జైలే. దేశాలు తిరిగి తిరిగి ఇక్కడికి వచ్చి, చర్చి మిషన్ వాళ్లు ఇచ్చిన రేకుల కొట్టంల బడి పెట్టిండు. ఆయన దేవుణ్ణి నమ్మడు. అయినా పిల్లలకు చదువు వస్తున్నదని వాళ్లు ఉండనిచ్చిండ్రు. ఆ బడిల బెత్తం లేదు, పరీక్ష లేదు. ఎవరన్న "దొరా" అంటే మండిపడేటోడు. అందుకని ఊరందరికీ తాతే.

పరాయి దేశపోడు వారానికోసారి ఠాణాకు వచ్చి, దీపాలు పెట్టక ముందే సంతకం పెట్టాలె. దాన్నే హాజరీ అంటం. తప్పితే మనిషి కనిపిస్తలేడని పైకి రిపోర్టు పోతది. పర్మిట్ రద్దయితది, ఓడ ఎక్కిస్తరు. తాత వస్తున్నడా లేదా చూసుడు నా డ్యూటీ. సర్కారే వద్దనే మనిషి, బడి నడవాలె గద అని, ఒక్క హాజరీ తప్పలేదు.

ఆ రోజు హాజరీ దినం. బస్సులు బందాయె. తాత కర్ర పట్టుకొని నడుచుకుంట వచ్చి, అడ్డం కూసున్న పిల్లల ముందట ఆగిండు. వాళ్లకు నాయకుడు మల్లేశ్ అనే కాలేజీ పిలగాడు. తాత బడిలనే అక్షరాలు దిద్దినోడు. లేచి దారి ఇచ్చి, "రా తాతా, నువ్వు పో," అన్నడు.

తాత కదలలే. సమ్మె దాటినోణ్ణి మా దేశంల ఏమంటరో తెలుసా అన్నడు. ఏమంటరో చెప్పిండు గూడ. అది నేనిక్కడ రాయను.

"మేమే పొమ్మంటున్నం గద!"

"తెలిసినోళ్లకు దారి ఇస్తే అది సమ్మె ఎట్లయితదిర? గట్టిగ కూసోండ్రి." అని తాను గూడ వాళ్ల నడుమ కూసున్నడు.

చేన్లకెల్లి పోదాం రా తాతా అని నేను బతిమిలాడిన. పక్కకెల్లి పోయినా దాటినట్టే అన్నడు.

వ్యాన్ల అమీన్ సాబ్ వచ్చిండు. అమీన్ అంటే ఎస్సై, మా దిక్కు పాత మాట. తాతను చూసి తల పట్టుకున్నడు. ఎక్కించుకోకుంటే హాజరీ తప్పుతది. ఎక్కించుకుంటే పరాయి దేశపోడు ఆందోళనల అరెస్టయినట్టు, దానికీ ఓడనే. పిల్లలేమో తాత లేకుంటే మేం వ్యాన్ ఎక్కం అన్నరు.

"ఏందిరా భై, అరెస్టు కానీకి గూడ షర్తులా?" అని అమీన్ సాబ్ జరసేపు ఆలోచించి, "ఎక్కించుండ్రి. ముసలాయనది అరెస్టు గాదు, దారిల తోడు," అన్నడు. సమ్మె మొత్తం వ్యాన్ ఎక్కుతున్నది గనుక దాటినట్టు గాదని తాత గూడ ఎక్కిండు.

ఠాణాల నేను తాత ముందట హాజరీ బుక్కు పెడితే, ముందు నా పేరు అరెస్టుల రాయి అన్నడు.

"రాస్తే నిన్ను పంపిస్తరు తాతా!"

"రాయకుంటే నేను వీళ్లతోటి కూసున్నది అబద్ధమైతది."

పొద్దు వాలుతున్నది. అప్పుడు మల్లేశ్ లేచి, "తాతా, మీటింగ్," అన్నడు. వాళ్ల బడిల ఏ పనైనా చేతులెత్తి తేల్చుకునేటోళ్లు, తాతకూ పిల్లలకూ ఒక్కొక్క చెయ్యే. ఇప్పుడు తేల్చాల్సింది, తాత పేరు హాజరీల ఉండాలె, అరెస్టుల ఉండొద్దు అని. వరండాల పిల్లల చేతులన్నీ లేచినయి. లాఠీ పట్టుకున్న నేను గూడ ఎత్తిన. లోపట కుర్చీలకెల్లి అమీన్ సాబ్ గూడ ఎత్తిండు.

తాత మా ఇద్దరిని చూసి, "దించుండ్రి. మీరు అరెస్టు కాలే, మీకు ఓటు లేదు," అన్నడు.

"నా ఠాణాల నాకే ఓటు లేదా?" అనుకుంట అమీన్ సాబ్ దించిండు. నేను గూడ దించిన.

వద్దని లేచింది తాతది ఒక్క చెయ్యే. ఓడిపోయిండు. చేతులు లెక్కపెట్టి మనిషిని కట్టేయొచ్చునా అని వాదం పెట్టుకున్నడు.

"సీతాఫలాలు అయిపోయేదాక లెక్కల పాఠం వద్దని బడిల చేతులెత్తి మేం గెలిచిననాడు ఈ మాట ఎందుకు చెప్పలే తాతా?" అన్నడు మల్లేశ్.

తాత కలం తీసుకున్నడు. సంతకం పెట్టి, ఇంక ఇంటికి పో అంటే పోలే. వీళ్లను ఇడిచినప్పుడు పోతా అని వాళ్ల నడుమనే కూసున్నడు. ఆ వారం రిపోర్టు పోలే, బడి నడిచింది.

తర్వాత శాన బందోబస్తులు చేసిన, హెడ్ కానిస్టేబుల్‌గ రిటైరైన. గుంపు ఏం చేస్తదని పై అధికారులందరు అడిగేటోళ్లు. నేను మాత్రం, తాత సమ్మె దాటనట్టు, వాళ్లు ఏం చెయ్యరో ముందు తెలుసుకునేటోణ్ణి. అది తెలిస్తే సగం రోజులు లాఠీ వాడే అక్కర పడదు.