మూడు శేర్ల కూలి

కొనని సరుకు ధర అడగడం హన్నమ్మకు ఒక రోగం. మాచర్ల సంతకు ఉప్పు కోసం వచ్చినా చీరల కొట్టు ముందు ఆగాల్సిందే.

"కొనే మొహమేనా అక్కా?" అని కొట్టు జాన్ సాహెబ్ నవ్వేవాడు.

"కొనను సాయిబూ. ఎన్ని శేర్ల జొన్నలవుద్దో చూద్దామని."

ఆమెకు లోకమంతా జొన్నల్లోనే. కూలి రోజుకు మూడు శేర్లు, ఇంట్లో నోళ్ళు అయిదు. భర్త రాజారత్నం మంచం పట్టాక పొయ్యి మీదికెక్కేవి ఆ గింజలే.

యాభై ఆరులో సాగర్ ఆనకట్ట పనికి జనం పరుగులు తీశారు. తన కూలీలు జారిపోతారని రైతు ధనుంజయరావు గింజలకు బదులు రొక్కం ఇస్తానన్నాడు, రోజుకు పది అణాలు. అందరూ తలూపారు. హన్నమ్మ ఒక్కతే గింజలే కావాలంది. ఆ ఏడు జొన్నలు విరగపండి ధర పడిపోయింది. పక్కింటి ఎలిజబెత్ పది అణాలతో నాలుగు శేర్లు తెచ్చుకుంది.

"ఏంది వదినా, నీ తెలివి తెల్లారినట్టే ఉంది" అంది.

హన్నమ్మ ప్రాణం ఉసూరుమంది. పిల్లల నోటి దగ్గరి శేరు తనే పోగొట్టిందా? మాట మాత్రం మార్చలేదు. ధరలు అడగడం ఇంకా ఎక్కువైంది.

అణాలు పోయి నయాపైసలొచ్చాయి. చీర పెరిగింది, కిరసనాయిలు పెరిగింది. ఎందుకని? బేరాలు వినీ వినీ కారణం తనే పట్టింది. ఆనకట్ట దగ్గర వేలమంది చేతుల్లో డబ్బాడుతోంది, వాళ్ళంతా తినాలి. పండే చేలు మాత్రం పాతవే. ఆనకట్ట నీళ్ళింకా రాలేదు.

అరవై నాలుగుకు రొక్కం కూలి రూపాయయింది. ఎలిజబెత్ మురిసిపోయి సంతకెళితే ఆ రూపాయికి రెండు శేర్లే వచ్చాయి. హన్నమ్మకు ఎప్పటిలాగే మూడు. నవ్వాలనిపించలేదు. ఎలిజబెత్‌కీ పిల్లలున్నారు.

ఒక పొద్దున ధనుంజయరావే పిలిచాడు.

"ఏమే హన్నమ్మా, ఇక నీకూ రొక్కమే. పాతదానివని రూపాయిన్నర ఇస్తా. గింజలడగమాక."

రూపాయిన్నరంటే ఆ రోజు ధరకు సరిగ్గా మూడు శేర్లు. మోసమేమీ లేదు. అదే ఆమెకు అంతుబట్టలేదు.

"రెండూ ఒకటేగదయ్యా. మరి గింజలు మీకెందుకు?"

ఆయన కండువా సర్దుకుని, జొన్నల గాదె వైపు ఓ చూపు చూశాడు. ఎనిమిదేళ్ళుగా సంతలో ఎంత అడిగినా ఎవరూ చెప్పని వచ్చే ఏటి ధర, ఆ చూపులో హన్నమ్మకు తెలిసిపోయింది. జొన్నల ధర ఇంకా పెరుగుతుంది.

కొంగు పరిచి పట్టుకుంది.

"కొలవండయ్యా. రేపటి నుంచి మా ఎలిజబెత్ కూడా గింజలకే వచ్చిద్ది."