దొరగారి జట్టు, బావ కాలు

ఆదివారం పొద్దున మా మనవడు ట్రాన్సిస్టరు చెవికి ఆనించుకున్నాడంటే ఇంట్లో ఎవరూ గట్టిగా దగ్గడానికి కూడా వీల్లేదు. రంగం పట్నం లమ్మడా పేటలో మా మూడో అంతస్తు వాటా అగ్గిపెట్టెంత, అయినా లండన్ రేడియోలో ఫుట్‌బాల్ ఫలితాలు చదువుతున్నంతసేపూ వాడు సగం బర్మా భాషలో, సగం తెలుగులో, ఉన్న దేవుళ్లందరినీ పిలుస్తూ ఆ కాస్త చోటులోనే తిరుగుతుంటాడు. పెద్ద జట్ల సంగతి తేలగానే వాడి పని అయిపోతుంది, మీట తిప్పేస్తాడు. మొన్న మాత్రం నేను వాడి చెయ్యి పట్టుకుని ఆపాను. చిట్టచివరి తరగతి జట్ల పేర్లు చదువుతుంటే వాటి మధ్య నుంచి ఒక ఊరి పేరు వినబడింది. యాభై ఏళ్లు దాటినా ఆ పేరు నేను మరిచిపోలేదు. ఆ ఊరితో నాకేం పని అని వాడు అడిగాడు. వాడికి చెబితే నవ్వుతాడు, మీరైతే నా వయసువాళ్లు, దొరలనూ ఓడలనూ ఎరిగినవాళ్లు, అందుకని మీకు చెప్పుకుంటున్నాను.

అవి పంతొమ్మిది వందల ఇరవైల నాటి రోజులు. నాకు ఇరవై ఏళ్లు, సేక్కాన్ జెట్టీలో టాలీ గుమస్తాను, అంటే ఓడలోంచి దిగే ప్రతి బస్తాకూ పుస్తకంలో ఒక గీత పెట్టడం, మధ్యాహ్నం పోస్టాఫీసుకు పోయి దొరగారి టపా తెచ్చి ఆయన బల్ల మీద పెట్టడం నా ఉద్యోగం. అక్కా, బావా, నేనూ ఒకే గదిలో ఉండేవాళ్లం. బావ అదే జెట్టీలో బస్తాలు మోసే కళాసీ, ఆయన ముఠా అంతా శ్రీకాకుళం పక్కవాళ్లే. మా అందరి మీదా ఉన్న దొరది ఇంగ్లండు ఉత్తరాన ఒక నూలుమిల్లుల ఊరు. చెడ్డవాడు కాడు గాని, ఆయన మంచితనం వారానికోసారి టపా ఓడలో వచ్చేది. ఆయన చెల్లెలు ఊరి పత్రికను చుట్టగా చుట్టి, కాగితపు పట్టీ వేసి పంపేది, అందులో ఆ ఊరి జట్టు గెలిచిందని ఉంటే ఆ వారమంతా జెట్టీలో అరుపులుండేవి కావు, ఓడిందని ఉంటే గంట ఆలస్యమైనవాడు మర్నాటి నుంచి పనిలో ఉండేవాడు కాదు.

వాన పడి పని ఆగిన మధ్యాహ్నాల్లో ఆయన నాతో ఆ జట్టు చరిత్ర చెప్పేవాడు. చర్చిలో పాటలు పాడే కుర్రాళ్లూ మిల్లు నేతగాళ్లూ కలిసి దాన్ని మొదలుపెట్టారట. బంతిని చర్చి గంట కింద దాచుకునేవారట. ఆడే మైదానం కొండవాలు మీద ఉండేదట, ఒక గోలు పైనా ఒక గోలు కిందా, ఆయన తండ్రి శనివారం పొద్దున్నే బక్కెట్టుతో సున్నం తీసుకుపోయి గీతలు గీసేవాడట. తరవాత ఆటగాళ్లకు జీతాలివ్వడం మొదలైంది, ఒకసారి చెక్క గ్యాలరీ కాలిపోయింది, యుద్ధం జట్టులో సగం మందిని మింగింది, ఆఖరికి లీగులో కొత్తగా మూడో తరగతి పెట్టి వీళ్లనూ చేర్చుకున్న రోజున ఊరంతా దీపాలు పెట్టారట. నేను విన్నదంతా సాయంత్రం గోడౌను అరుగు మీద ముఠాకు చెప్పేవాణ్ణి. కొండవాలు మైదానం సంగతి అందరికంటే బావకు బాగా పట్టింది, మనం బస్తాతో ఓడకు వేసిన పలక ఎక్కినట్టే వాళ్లూ ఎక్కుతూ ఆడతారన్నమాట అని మురిసిపోయాడు.

ఆ తరవాత నుంచి శనివారాలు చిమిండైంగ్‌లో అమ్మవారి గుడికి పోయి మావాళ్లు ఆ జట్టు పేరున కర్పూరం వెలిగించేవారు. టపా రావడానికి నెల పడుతుంది, ఆట ఎప్పుడో తేలిపోయి ఉంటుంది, తేలిపోయిన ఆటకు ఇప్పుడు మొక్కితే ఏం లాభం అని నేను చదువుకున్నవాడిలా అడిగితే, అమ్మకు నిన్నా మొన్నా ఏమిటని ముఠా మేస్త్రీ నన్ను కసిరాడు. కర్పూరం మాత్రం ఎవరూ మానలేదు, నేను కూడా.

ఆ ఏడు జట్టు పూర్తిగా దిగజారింది. వానలు మొదలయ్యేసరికి అన్నిటికంటే అడుగున నిలిచిందని వార్త వచ్చింది. లీగులో ఉంచుతారో తీసేస్తారో మిగతా జట్ల పెద్దలు లండన్‌లో కూర్చుని తేలుస్తారని మాత్రం దొర అన్నాడు. దానికి కాస్త ముందే ఓడ మీద బరువులెత్తే వించి నుంచి జారిన మోపు పడి బావ కాలు విరిగింది. రెండు నెలలు మంచంలో ఉన్నాడు, ఎముక అతుక్కుంది గాని కొద్దిగా ఒంకర ఉండిపోయింది. దెబ్బతిన్నవాళ్లంతా సోమవారం దొర ముందు పలక మీద నడిచి చూపించాలి, పనికొస్తారంటే ఉంటారు, లేదంటే మర్నాడు పొద్దున వైజాగు పోయే స్టీమరులో డెక్కు టిక్కెట్టు. అక్కకు అప్పుడు ఐదో నెల. ఊళ్లో వాళ్లకు సెంటు భూమి లేదు.

ఆ సోమవారానికి ముందటి శనివారం టపా వచ్చింది. పత్రిక చుట్ట నా చేతిలో ఉంది. పట్టీ విప్పే ధైర్యం లేదు గాని, జెట్టీ దారిలో ఒక చూరు కింద నిలబడి చుట్ట పక్కకు వేలు పెట్టి చూశాను. ఒక ఫొటో కనిపించింది. దొర గది గోడ మీది పటంలో ఉన్న జట్టు పెద్దలే, నల్ల కోట్లు, నల్ల టోపీలు, అందరూ తలలు దించుకుని మెట్లు దిగుతున్నారు, శవాన్ని సాగనంపి వచ్చినట్టు. ఇంకేం చూడాలి? అడుగున ఉన్నవాణ్ణి ఎవరైనా ఉంచుకుంటారా? నేను చూసిన లోకంలో ఉంచుకోలేదు. ఈ వార్త చదివిన దొర ముందు బావ సోమవారం నడవకూడదనుకున్నాను. ఉత్తరాలు బల్ల మీద పెట్టి, పత్రికను చొక్కాలో పెట్టుకుని ఇంటికి తెచ్చి, చూరుకు కట్టిన చాప వెనకాల దోపాను. మంగళవారం ఇచ్చేస్తే సరిపోతుందనుకున్నాను.

ఆదివారమంతా బావ గదిలో గోడ నుంచి గోడకు నడిచాడు. అక్క వేడి ఆముదంతో కాలు తోముతుంది, ఆయన లేచి నడుస్తాడు, కుంటు తెలుస్తోందా అని నన్ను అడుగుతాడు, లేదని నేనంటాను. ఆయన తలకు మూరెడు పైన ఆ పత్రిక ఉంది. వాన జల్లు చూరులోకి కొడుతుంటే అది తడుస్తుందేమోనని ఒక భయం, లేచి చూస్తే ఆయనకు తెలుస్తుందేమోనని ఇంకో భయం. సాయంత్రం ఆయన నా పక్కన కూలబడి అడిగాడు.

"టపా ఓడొచ్చిందంట గదరా. మన జట్టు ఏటయింది? నా కాలు నడిసినా దొర మనసు నడవాల గదా."

ఈసారి పత్రిక రాలేదని చెప్పాను. రాకపోవడమే మంచిదిలే అన్నాడు.

సోమవారం దొర వచ్చీ రాగానే పత్రిక ఏదని అడిగాడు. రాలేదన్నాను. పోస్టాఫీసుకు నన్ను రెండుసార్లు తిప్పాడు, ఖాళీ చేతులతో తిరిగొచ్చిన ప్రతిసారీ ఆయన ముఖం ఇంకాస్త నల్లబడింది. మంచి వార్త అయితే తన చెల్లెలు పంపకుండా ఉంటుందా అని తనలో తనే అనుకున్నాడు. ఆ మాట విన్నప్పుడైనా నేను ఇంటికి పరిగెత్తి ఉండవలసింది. అబద్ధం బయటపడితే నా ఉద్యోగమూ పోతుందని అక్కడే గీతలు పెడుతూ నిలబడ్డాను. బావ పలక మీద నాలుగడుగులు బాగానే వేశాడు, ఐదో అడుగు తడి మీద కొద్దిగా జారింది. దొర పూర్తిగా చూడనైనా చూడకుండా చెయ్యి అడ్డంగా ఊపాడు.

మంగళవారం తెల్లారి అక్కనూ బావనూ స్టీమరు ఎక్కించాను. అక్క ఏడవలేదు, నీ అన్నం నువ్వు సరిగా వండుకో అని మాత్రం అంది. అటునుంచి అటే ఇంటికి పోయి చాప వెనకాల నుంచి పత్రిక తీసి, ఇప్పుడే ఇచ్చారని చెప్పి దొర బల్ల మీద పెట్టాను. ఆయన పట్టీ చింపాడు, చదివాడు, కుర్చీలోంచి లేచాడు, మళ్లీ కూర్చుని కళ్లు తుడుచుకున్నాడు. మిగతా జట్ల పెద్దలు వోట్లు వేసి వీళ్లను ఇంకో ఏడాదికి ఉంచారట. మరి ఫొటోలో అందరూ అలా ఉన్నారేమని నోరు జారి అడగబోయి ఆగాను, ఆయనే నాకు చూపించి నవ్వాడు. లండన్‌లో ఆ రోజు వానట, మెట్లు జారుతున్నాయని కిందికి చూసుకుంటూ దిగుతున్నారట. తరవాత ముఠా దగ్గర నేర్చుకున్న తన వచ్చీరాని తెలుగులో అన్నాడు.

"నిన్న కాలు మనిషి, పిలు. ఇంకో ఏడు చూద్దాం."

అప్పటికి స్టీమరు నది దాటి సముద్రంలో పడింది. బావ వెళ్లిపోయాడని చెప్పాను. ఆయన అయ్యో అన్నాడు, మళ్లీ పత్రిక తీసుకున్నాడు. ఆయన మాట మీద నిలబడేవాడో, బావ ఇంకో నెలలో మళ్లీ జారేవాడో నాకు తెలియదు. ఈ ప్రశ్నను ఎన్ని వైపుల నుంచి తిప్పి చూసుకున్నా నా తప్పు చిన్నది కాలేదు.

ఊళ్లో బావ పరాయి వలలు బాగుచేసి బతికాడు. పుట్టిన బిడ్డ దక్కలేదు. ఎవరిచేతనో కార్డు రాయించేవాడు, అక్క ఆరోగ్యం, వానలు, అన్నీ అయ్యాక చివరి వరుస ఎప్పుడూ ఒకటే, దొర జట్టు ఎలాగున్నాది అని. దొర దేశం వెళ్లిపోయాక కూడా ఏదో ఒక కాగితంలో వెతికి నేను జవాబు రాస్తూనే ఉన్నాను. జపానువాళ్ల యుద్ధం వచ్చి మనవాళ్లు సగం మంది కాలినడకన రంగం వదిలిపోయిన ఏడు ఆ కార్డులు ఆగిపోయాయి. తరవాత ఎప్పటికో తెలిసింది, ఆయన అప్పటికే లేడని. అక్క కూడా ఆయన వెనకే పోయింది.

ఇప్పుడు ఆట ముగిసిన మర్నాడు పొద్దున్నే మా మనవడికి తెలిసిపోతుంది. సముద్రం మీద నెల రోజులు నడిచి వచ్చే వార్త లేదు, దాని కోసం వెలిగించే కర్పూరం లేదు, దాన్ని చొక్కాలో దాచుకునే వీలూ ఎవరికీ లేదు, అది మంచిదే. మొన్న రేడియోలో విన్నది చెప్పాలంటే ఆ జట్టు మళ్లీ ఓడింది, ఇంకా అడుగునే ఉందని, ఏడాదికోసారి పెద్దల ముందు నిలబడి ఉంచమని అడుగుతూనే ఉంటుందని మనవడు వెటకారంగా చెప్పాడు. అప్పట్లో బావకు రాసిన మొదటి జవాబులోనే, జట్టును ఉంచారు బావా అని రాశాను. నిన్ను కూడా ఉంచారు బావా అన్న మాట మాత్రం ఏ కార్డులోనూ రాయలేదు.