మాట్సా ఉండల్లో బియ్యప్పిండి

ఉగాదికి మా ఇంట్లో వేపపువ్వు ఉండదు. ఫ్రీజర్‌లోని మామిడి ముక్కలు, కాస్త బెల్లం, చిటికెడు ఉప్పు కలిపి, రెండు ఆఫీస్ కాల్స్ మధ్య పిల్లల నోట్లో తలా ఒక చెంచా వేస్తే పండుగ అయిపోయినట్టే. అదే ఇంట్లో పాసోవర్ వచ్చిందంటే మాత్రం టోస్టర్‌ని తలకిందులు చేసి మరీ దులుపుతాం. కార్ సీట్ల సందుల్లో బిస్కెట్ పొడి కోసం వాక్యూమ్ పెడతాం. నా పండుగకి లేని మడి నా మొగుడి పండుగకి ఎక్కడినుంచి వచ్చిందంటే ఒకటే జవాబు: మా అత్తగారు.

మా ఆయన యూదుడు. మేముండేది షామ్‌బర్గ్‌లో. మామగారు పోయాక అత్తగారికి ఒంటిచేత్తో పండుగ చేసే ఓపిక తగ్గింది. "ఈసారి మీ ఇంట్లోనే" అన్నారు. అని ఊరుకుంటే బాగుండేది. తల్లి యూదురాలు కాకపోతే పిల్లలు యూదుల లెక్కలోకి రారని ఆవిడ స్నేహితురాళ్ళు అంటారట. "నా తర్వాత మీ ఇంట్లో ఈ పండుగ ఎవరికి పడుతుంది?" అని ఆవిడ కొడుకుతో అంటుంటే నా చెవిన పడింది. నాకు ఒళ్ళు మండింది. ఆ మంటలో టోస్టర్‌ని ఇంకోసారి దులిపాను.

ఈ పండుగ రోజుల్లో పులిసినదేదీ ఇంట్లో ఉండకూడదు. బానిసత్వం నుంచి పారిపోయే హడావుడిలో పూర్వీకులకి పిండి పులిసేదాకా ఆగే తీరిక లేదు కాబట్టి బ్రెడ్, ఈస్ట్, గోధుమపిండి బంద్. అదే గోధుమపిండిని తడిపిన వెంటనే, పులవకముందే కాల్చేసిన మాట్సా అనే పెళుసు రొట్టె ఒక్కటే చెల్లుతుంది. దాన్ని పొడి చేసి, గుడ్లూ నూనే కలిపి, ఉండలు చుట్టి చికెన్ సూప్‌లో ఉడికిస్తారు. తూర్పు యూరప్‌నుంచి వచ్చిన మా అత్తగారి వంశంలో ఇంకో మెలిక కూడా ఉంది. బియ్యం, పప్పులు, ఆవాలు కూడా పనికిరావు. అంటే తెలుగు వంటింట్లో మిగిలేది ఉప్పూ పసుపూ నేనూ.

బియ్యం బస్తా, పప్పుల డబ్బాలు, పోపులపెట్టె గరాజ్‌లోకి మోశాను. తెనాలి నుంచి ముందురోజే దిగిన మా అమ్మతో మాత్రం గోధుమపిండి జోలికి వెళ్ళొద్దని చెప్పి ఊరుకున్నాను. ఆవిడ సూట్‌కేస్‌లో ఏముందో ఎవరికి తోస్తుంది?

మా పెద్దదానికి తొమ్మిదేళ్ళు, చిన్నదానికి ఐదు. ఈ ఏడు ఉండలు తనే చేసి బబీ చేత, అంటే వాళ్ళ నానమ్మ చేత, శభాష్ అనిపించుకోవాలని పెద్దది వారం ముందునుంచే ఎదురుచూస్తోంది. పండుగనాడు మాట్సా పొడి ముద్ద దాని చేతులకి జిగురులా అంటుకుంటోంది. చిన్నది తన వాటాతో డైనోసార్ చేస్తోంది. నేను ఆఫీస్ కాల్‌లో ఇరుక్కున్నాను. తర్వాత జరిగింది ఆ రాత్రి భోజనాలయ్యాక మా అమ్మే చెప్పింది.

"ఇదేం ఉండే, చేతిలో నిలబడదు? ఉండ్రాయంటే నున్నగా ఉండాలి" అంటూ ఆవిడ సూట్‌కేస్ తెరిచి, తెనాలిలో ఆడించి తెచ్చిన బియ్యప్పిండి గుప్పెడు తెచ్చి ముద్దలో కలిపేసింది.

"అమ్మమ్మా, రైస్ నో! బబీ చెప్పింది" అంది పెద్దది.

"వద్దంది గోధుమేనే పిచ్చిదానా. ఏకాదశినాడు నేను అన్నం మానేసి గోధుమరవ్వ ఉప్మా తింటాను కదా? వీళ్ళకి తిరగేసి. గోధుమ మానేసి బియ్యం తింటారు. ఇంత నున్నగా ఎలా వచ్చాయో బబీకి ఇప్పుడు చెప్పకు, తిన్నాక చెబుదాం."

ఇంత చక్కని తర్కం ముందు తొమ్మిదేళ్ళ పిల్ల ఏం నిలుస్తుంది! నోరు మూసుకుని ఉండలు చుట్టింది.

సాయంత్రం అత్తగారు వచ్చారు. పుస్తకం తెరిచి పూర్వీకులు పారిపోయిన కథంతా చదివారు. సత్యనారాయణ వ్రతంలాగే ఇక్కడా కథ అయ్యేదాకా ఎవరికీ ఏమీ పెట్టరు. చివరికి సూప్ వచ్చింది. గిన్నెలో తెల్లగా, నున్నగా తేలుతున్న ఉండల్ని చూసి అత్తగారి ముఖం విప్పారింది. ఎవరు చేశారివి అని అడిగారు. పెద్దది తల ఎత్తలేదు. ఆవిడ చెంచాతో ఉండని సగానికి కోసి నోటిదాకా తీసుకెళ్ళారు.

"బబీ, స్టాప్! డోంట్ ఈట్ ఇట్! దాన్లో రైస్ ఉంది!"

చెంచా గాల్లోనే ఆగిపోయింది. ఇన్నాళ్ళ ఆవిడ అనుమానం నా వంటింట్లోనే రుజువైపోయిందనుకున్నాను. బియ్యానికీ నిషేధమేనని నేను చెబితే మా అమ్మ నోరు వెళ్ళబెట్టింది.

"బియ్యం కూడా వద్దా? మరి ఏం తిని బతికారే వీళ్ళు?" అని, మరుక్షణమే లేచి అత్తగారి ముందునుంచి గిన్నె తీసేసింది. "ఇటివ్వండి వదినగారూ. ఆచారం ఆచారమే. ఏకాదశినాడు నా విస్తట్లో ఎవరన్నా అన్నం పెడితే నేను మాత్రం ముడతానా?" అంది తెలుగులోనే. అత్తగారికి ఏం అర్థమైందో గానీ తల ఊపారు.

పెద్దది వెక్కివెక్కి ఏడుస్తోంది. "నేనే రోల్ చేశాను బబీ. నీకు నచ్చాలి అని. బట్ నువ్వు తినకూడదు కదా."

మధ్యలో ఉన్న తెలుగు ముక్కలు అత్తగారికి ఎవరూ తర్జుమా చేయలేదు. ఆవిడ దాన్ని దగ్గరికి లాక్కుని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నారు. కొడుకు వైపు చూశారు, తర్వాత నా వైపు చూశారు. కళ్ళు తుడుచుకున్నారు. ఆకలితో ఉన్న మనిషి, ముందు గిన్నె కూడా లేదు. దాని తలమీద గడ్డం ఆనించి, ఇంత మంచి సూప్ నా జన్మలో తాగలేదని చెప్పారు.