తూటాలకు ఆముదం

"మీ తూటాలు చచ్చు సరుకు! రెండుసార్లు నొక్కితే రెండుసార్లూ టిక్కుమంది. పగవాళ్ళు కత్తులేసుకుని మీదికొచ్చారు, మా బావమరిది చెయ్యి తెగింది!" పర్చూరు దగ్గరి మిరప రైతు రివాల్వరు బల్ల మీద పెట్టి అరిచాడు.

"మా గదిలో తేమ లేదండీ. ఇంట్లో ఎలా దాచారో ముందు చెప్పండి," అన్నాను.

"నాకే చెప్తావేంటి? మూడో తరగతి చదివిన దానికి తూటాల గది అప్పగిస్తే ఇంతే మరి!"

అది ఎనభైల నడిమి మాట. గుంటూరులో లైసెన్సు తుపాకులమ్మే దుకాణంలో తూటాల గది నాది. పాత పెట్టె ముందు బయటికి పోవాలి. పెట్టె మీది తయారీ నంబరు రాసుకోవాలి. తూటాను పొడి గుడ్డతో తప్ప తుడవకూడదు. ఇంగ్లీషు అక్షరాలు నేను తూటాల అడుగున చదివే నేర్చుకున్నాను.

అక్కడ ఒకప్పుడు ఇంగ్లండు కంపెనీ పేరుండేది. పిట్టల వేటకి తుపాకి మందు నూరడంతో మొదలై, యుద్ధాలకి తూటాలు చేసేదాకా ఎదిగిన కంపెనీ అని మా యజమాని చెప్పేవారు. ఆ సరుకు రావడం ఆగాక సర్కారు ఫ్యాక్టరీవే అమ్మాం. ప్రాణరక్షణకని రివాల్వరు కొన్న రైతులకు మాత్రం ఏది పేలకపోయినా దేశవాళీ సరుకుదే తప్పు.

యజమాని ఆ మిరప రైతు పక్షమే చేరారు. నా అజాగ్రత్తని తేలితే గది తాళంచెవి లాగేసుకుంటానన్నారు. నాకు ఒళ్ళు మండింది. అదే నంబరు పెట్టె తెచ్చి, పరీక్షకి ఉంచిన ఇసుక పీపాలోకి ఆరు తూటాలు పేల్చమని యజమానిని అడిగాను. ఆరూ పేలాయి. రైతు తెచ్చిన వాటిలో మిగిలిన నాలుగూ పెడితే ఒక్కటీ పేలలేదు.

రైతు వాటిని తెచ్చిన పెట్టె చేతిలోకి తీసుకున్నాను. అట్టంతా జిడ్డు. వాసన చూశాను.

"ఆముదం పూశారా?"

"కందులకి పట్టిస్తూ వీటికీ ఓ చుక్క పట్టించాం, తుప్పు పట్టకుండా. తప్పా?"

"కందికి పురుగు పడుతుందని ఆముదం. దీనికి ఏ పురుగు పడుతుందయ్యా? అడుగున ఈ చిన్న బిళ్ళ దెబ్బకి రగిలితేనే లోపల మందు అంటుకునేది. అంచు నుంచి నూనె దిగి దాన్ని చంపింది. మీ బావమరిది చెయ్యి నరికించింది నా గది కాదు, మీ ఆముదం డబ్బా!"

గుమ్మంలో మూగిన పక్క దుకాణాల వాళ్ళు నవ్వారు. రైతు రివాల్వరు తీసుకుని వెళ్ళిపోయాడు.

తూటా చేతికిచ్చేటప్పుడే నూనె సంగతి చెప్పాలని ఆ రోజు తెలిసింది. తప్పు ఎవరిదో తేలినంత మాత్రాన నింద మన మీంచి దిగదనీ తెలిసింది.

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి వెళ్ళేసరికి తాళంచెవి యజమాని తమ్ముడి మొలకి వేలాడుతోంది. పెద్ద ఖాతాదారుణ్ణి నలుగురిలో నవ్వులపాలు చేశానట. నా చేతికి చీపురిచ్చారు.