పెళ్లికూతురి పేరు

నా చిన్నప్పుడు నేను మొదటిసారి నిజంగా భయపడింది, మా నాన్న ప్రెస్సులో ఒక పెద్దాయన పెళ్లిపత్రికను కళ్లకు దగ్గరగా పెట్టుకుని, దించి, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూసినప్పుడు. తప్పు ఆయన కళ్లది కాదని ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు.

ఆదోనిలో ఉర్దూ పెళ్లిపత్రికలన్నీ ఒకప్పుడు ఆయనే కలంతో అందంగా రాసిచ్చేవాడట. కాతిబ్ అంటే రాతగాడు; మేం ఆయన్ని కాతిబ్ తాత అనేవాళ్లం. ఆయన చేతిరాతలాంటి అక్షరాలే ఫాంటుగా కంప్యూటరులోకి వచ్చాక ఆ పని పోయింది. బయట టైపు చేయించి తెచ్చుకునేవాళ్లం కానీ మాకు ఉర్దూ చదవడం రాదు. అచ్చుకు ముందు ఆయన చదివి సరే అంటేనే మిషను తిరిగేది. తాతకు మిగిలింది ఆ ఒక్క పనే.

ఆ రోజు ఆయన సరే అన్నాక, నాన్న భోజనానికి వెళ్లాడు. పన్నెండేళ్ల నేను కంప్యూటరు ముందు కూర్చున్నాను. మధ్యలో పెద్దగా ఉన్న పెళ్లికూతురి పేరు పైనుంచి కిందికి వాలుగా జారుతోంది. మన అక్షరాలు వరసలో బుద్ధిగా కూర్చుంటాయి కదా, ఇది వంకరపోయిందనుకున్నాను. ఆ పేరు బొమ్మలా ముక్కలుగా కదిలేది. ఒక్కో ముక్కా పట్టుకుని వరసగా నిలబెట్టాను. చుక్కలు కూడా ముగ్గుకు పెట్టినట్టు సమంగా సర్దాను. మెచ్చుకుంటాడనుకున్నాను. నాన్న వచ్చి, చూడకుండానే అచ్చేశాడు.

సాయంత్రం తాత చేతిలో ఉన్నది ఆ పత్రికే. కట్టలకోసం వచ్చిన పెళ్లికూతురి తండ్రి కూడా ఒకటి తీసి చూసి బల్ల మీద పడేశాడు.

"ఏమన్నా, నా బిడ్డ పేరు యాడ పోయింది? దీన్ని ఎవురు సదవాల?"

నాన్న తాత వైపు తిరిగాడు. "చాచా, నువ్వు సూసినావు కదా?"

తాత నా వైపు ఒకసారి చూశాడు. మిషను ఇలాంటి తప్పు చేయదని ఆయనకు తెలుసు. "సూసినా అప్పా. కండ్లు మసకైనాయి."

"కండ్లు ల్యానోళ్లకు సూపిస్తే ఇట్లే ఉంటాది," అన్నాడు పెళ్లికూతురి తండ్రి.

నాన్న పేరు మళ్లీ టైపు చేయించి అచ్చువేసిచ్చాడు. తాత పోతూ నన్ను గుమ్మం దగ్గరికి పిలిచి, పాడైన పత్రిక వెనక ఆ పేరు రాసి చూపించాడు.

"సూడు బేటీ, ఒగదానికి ఒగటి ఆనుకుంటేనే ఇది పేరు. మీ నాయనకు నువ్వే సెప్పు. నేను సెప్పను."

రేపు చెబుదామనుకున్నాను. తరువాతి పత్రిక చదవడానికి నాన్న వేరొకరిని పిలిచాడు. తాత కొన్నాళ్లు ప్రెస్సు ముందు నుంచి నడిచిపోతూ నన్ను చూసి నవ్వేవాడు. నేను లోపలికి తప్పుకునేదాన్ని. ఆయన పోయి చాలా ఏళ్లయింది. "పాపం, చాచాకు కడాన కండ్లు పోయినాయి" అని నాన్న ఇప్పటికీ అంటాడు. నేను తల ఊపుతాను.

ఇప్పుడు ఎమ్మిగనూరులో నా కాపురం. పిల్లలిద్దరూ కాసేపు మాట్లాడకుండా ఉంటే ఏం దాస్తున్నారోనని నాకు భయం. మొన్న సాయంత్రం ఫోన్లో ఒక ఉర్దూ పెళ్లిపత్రిక వచ్చింది. మా పాప ఆ వాలు అక్షరాల మీద వేలు పెట్టి, "అమ్మా, పడిపోతాండాయి, నిలబెట్టు" అంది.

మర్నాడు పొద్దున్నే ఇద్దరినీ పక్కన కూర్చోబెట్టుకుని జరిగిందంతా చెప్పాను.

"ఆయప్పకు కండ్లు బాగానే కనపడతాండె. పేరు సెడగొట్టింది నేను. ఇప్పుడు మా నాయనకు ఫోన్ చేసి సెప్తాండా. మీరు ఈడే ఉండండి. నేను మధ్యలో ఫోన్ పెట్టేస్తే, మళ్లీ కలపండి."